చేతులు తిరిగిచ్చిన ఏరు

పోపుల డబ్బాలో దాచిన డబ్బు కనబడలేదనుకోండి. తోడికోడళ్ల మధ్య ఓ గొలుసు గురించి మాటామాటా వచ్చిందనుకోండి. ‘‘కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?’’ అన్న మాట వచ్చేస్తుంది. ఆ మాటతో గొడవ సగం చల్లారుతుంది, లేదా రెట్టింపవుతుంది! ఇళ్లల్లోనే కాదు, రాజకీయ నాయకులు కూడా ఒకరి మీద ఒకరు ఆరోపణలు చేసుకున్నప్పుడు ‘‘రా, కాణిపాకంలో తేల్చుకుందాం’’ అని సవాళ్లు విసురుకోవడం మనం వింటూనే ఉంటాం.

తప్పు చేసినవాడిని భయపెట్టే దేవుడిగా కాణిపాకం వినాయకుడికి పేరు. కానీ ఆ ఊరికి వెళ్లి, అక్కడి కథలన్నీ ఒకచోట కూర్చోబెట్టి వింటే ఇంకో సంగతి తెలుస్తుంది. తప్పు చేసినవాడు మళ్లీ మనిషిగా ఎలా నిలబడాలో చెప్పే ఊరు కూడా అదే. ఆ దారి కాస్త పొడుగు, అంతే.

మామిడి తోటల మధ్య దారి

తిరుపతి నుంచి కాణిపాకం 70 కిలోమీటర్ల పైచిలుకు. చిత్తూరు నుంచైతే 12 కిలోమీటర్లలోపే. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చాక తిరుపతి వేరే జిల్లా అయింది, కాణిపాకం మాత్రం చిత్తూరు జిల్లాలోనే, ఐరాల మండలంలో ఉండిపోయింది. కొండ దిగిన యాత్రికులు చాలామంది అదే ఊపులో ఇక్కడికీ వచ్చి వెళతారు.

తిరుపతి దాటగానే చంద్రగిరి కోట కనిపిస్తుంది. ఆ తర్వాత పూతలపట్టు దిక్కుగా రోడ్డు సాగుతుంది. రెండు పక్కలా రాతి గుట్టలు, చెరుకు మళ్లు, చెనిక్కాయ చేలు, వాటి వెనక మామిడి తోటలు. చిత్తూరు జిల్లా అంటే మామిడి, మామిడి అంటే ఇక్కడ ముఖ్యంగా తోతాపురి. గుజ్జు తీసే ఫ్యాక్టరీలు చుట్టుపక్కల ఎన్నో ఉన్నాయి. ఎండాకాలంలో వెళితే కాయల లోడు ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. ఈ మామిడి మాట కాస్త గుర్తుపెట్టుకోండి, కథలో మళ్లీ వస్తుంది!

బస్సులో నా పక్కన ఓ పాతికేళ్ల అమ్మాయి కూర్చుంది. ‘‘సామి దర్శనానికేనా అక్కా?’’ అని తనే పలకరించింది. భర్త వెనక సీట్లో ఉన్నాడట.

‘‘ఇది రెండోసారక్కా మేం పొయ్యేది. పోయినేడు తాగనని ప్రమాణం చేసినాడు. మూడు నెలలు బాగుండె. మళ్లా మొదలుపెట్నాడు. ఇప్పుడు తనే, పోదాం పా అన్నాడు. మా అత్తా, మా అమ్మా, అందరూ ఒకటే మాట... సామే క్షమిస్తాడు, నువ్వూ మర్చిపో అంటాండారు. సామి క్షమిస్తాడులే అక్కా, ఆయన పెద్దోడు. నా తాళిబొట్టు గొలుసు కుదువబెట్టిండేది ఎవురు విడిపిస్తారు? దాన్ని గురించి ఒక్కరూ మాట్లాడరే!’’

దీనికి ఏం జవాబు చెబుతాం? కాణిపాకంలోనే జవాబు ఉందేమో చూద్దాం.

తెలియక తగిలిన దెబ్బ

ముందు ఊరి కథ. పూర్వం ఈ ఊరిని విహారపురి అనేవారట. ముగ్గురు అన్నదమ్ములు, ఒకరికి చూపు లేదు, ఒకరికి మాట లేదు, ఒకరికి వినికిడి లేదు. కాస్త మడి నేల, ఓ బావి, ఏతం... అదే వాళ్ల బతుకు. ఒక ఏడు బావి ఎండిపోతే ఒకడు లోపలికి దిగి తవ్వడం మొదలుపెట్టాడు. గడ్డపార ఠంగుమని రాతికి తగిలింది. ఆ రాతి నుంచి నెత్తురు చిమ్మి బావి నీళ్లన్నీ ఎర్రబడ్డాయి. ఆ క్షణమే ముగ్గురికీ చూపూ, మాటా, వినికిడీ వచ్చేశాయి.

ఊరివాళ్లు పరుగెత్తుకొచ్చి చూస్తే బావిలో వినాయకుడి రూపం! అందరూ కొబ్బరికాయలు కొట్టారు. ఆ నీళ్లు కాణి నేల అంతా పారాయి. ‘కాణి’ అంటే మడి నేల, ‘పాకం’ అంటే నీటి పారుదల. అలా కాణిపాకం అయిందని చెబుతారు. ఇప్పటికీ స్వామి ఆ బావిలోనే ఉన్నాడు, చుట్టూ నీరు ఉంటుంది. విగ్రహం ఏటేటా పెరుగుతోందని, ఒకప్పుడు చేయించిన వెండి కవచం ఇప్పుడు పట్టడం లేదని భక్తుల నమ్మకం.

11వ శతాబ్దిలో మొదటి కులోత్తుంగ చోళుడు గుడి కట్టించాడని, 1336లో విజయనగర రాజులు పెద్దది చేశారని ఆలయ చరిత్ర చెబుతుంది. 2022లో గుడిని పునర్నిర్మించి మహాకుంభాభిషేకం చేశారు.

ఇందులో ఒక విషయం గమనించారా? దేవుడి తల మీద గడ్డపార దెబ్బ వేసిన మనిషికి శిక్ష పడలేదు, వరం దక్కింది. ఎందుకంటే అతను తెలిసి కొట్టలేదు. పొలం తడపాలని తవ్వాడు. తెలియక జరిగిన దానికి ఆ స్వామి దగ్గర వెంటనే దయ దొరికింది. తెలిసి చేసినదానికి? ఆ కథ గుడి పక్కనే పారే ఏటిది.

తెలిసి కోసిన పండు

ఏటి పేరు బాహుదా. శంఖుడు, లిఖితుడు అని అన్నదమ్ములిద్దరు కాణిపాకం యాత్రకు బయలుదేరారట. దారిలో తమ్ముడు లిఖితుడికి ఆకలేసింది. ఎదురుగా రాజుగారి మామిడితోట. అన్న వద్దన్నా వినకుండా ఒక పండు కోసుకుని తిన్నాడు. అన్న ఊరుకోలేదు, సంగతి రాజుగారి దగ్గరికి వెళ్లింది. రాజు లిఖితుడి రెండు చేతులూ నరికించాడు. గుడి దగ్గర ఏట్లో మునిగి లేచేసరికి చేతులు తిరిగి వచ్చాయి. బాహువులు ఇచ్చింది గనుక ఆ ఏరు బాహుదా అయింది.

‘‘అమ్మో, ఒక్క మామిడిపండుకా!’’ అనిపిస్తుంది ఎవరికైనా. అసలు ఈ కథ మహాభారతంలో శాంతిపర్వంలో ఉంది. యుద్ధం అయిపోయాక, ఇంతమందిని చంపుకుని ఈ రాజ్యం నాకెందుకని ధర్మరాజు కుమిలిపోతుంటే వ్యాసుడు చెప్పిన కథ ఇది. అక్కడ వివరాలు కాస్త వేరు, ఆ తేడాల్లోనే అసలు రుచి ఉంది.

భారతంలో తోట రాజుగారిది కాదు, అన్నగారిదే. శంఖుడు ఆశ్రమంలో లేని సమయంలో లిఖితుడు వచ్చి పళ్లు కోసుకుని తింటూ కూర్చున్నాడు. అన్న వచ్చి, ‘‘నేను ఇవ్వకుండా తీసుకున్నావు గనుక ఇది దొంగతనమే. రాజు దగ్గరికి వెళ్లి, చేసింది చెప్పి, శిక్ష అడుగు’’ అన్నాడు. లిఖితుడు మారు మాట్లాడకుండా సుద్యుమ్న మహారాజు దగ్గరికి వెళ్లాడు. రాజు కంగారుపడిపోయాడు. మునిని శిక్షించడమేమిటి! ‘‘శిక్షించే అధికారం ఉన్నవాడికి క్షమించే అధికారమూ ఉంటుంది కదా, క్షమించేశాను, వెళ్లండి’’ అన్నాడు. లిఖితుడు ఒప్పుకోలేదు, శిక్షే కావాలన్నాడు. చేతులు పోయాయి.

అలాగే అన్న దగ్గరికి తిరిగివచ్చి, ఇప్పుడు క్షమించమని అడిగాడు. ‘‘నీ మీద నాకు కోపమే లేదు, ధర్మం తప్పావు, దానికి ప్రాయశ్చిత్తం అయిపోయింది. బాహుదలో స్నానం చేసి తర్పణం వదులు’’ అన్నాడు శంఖుడు. తర్పణానికి చేతులెత్తబోతే నిజంగానే చేతులు వచ్చాయి!

అప్పుడు లిఖితుడు అడిగాడు: ‘‘నీకింత శక్తి ఉన్నప్పుడు నన్ను మొదటే శుద్ధి చేసి ఉండవచ్చు కదా అన్నా?’’ శిక్ష వెయ్యడం తన పని కాదన్నాడు అన్న. అది రాజు పని. రాజు తన పని తను చేశాడు గనుక అతనూ శుద్ధుడయ్యాడు, నువ్వూ అయ్యావన్నాడు.

చూడండి, ఈ కథలో లిఖితుడికి క్షమ మొదట్లోనే దొరికింది. రాజే స్వయంగా ఇచ్చాడు. అతను తీసుకోలేదు. పళ్లు పోగొట్టుకున్నవాడు రాజు కాదు కదా! ఎవరి తోటలో కోశాడో ఆ మనిషికి ఇంకా లెక్క తేలకుండా, పైవాడెవడో పోనీలే అంటే ఆ మాట ఎలా చెల్లుతుంది? అతను చేసిన పనుల వరస చూస్తే, చేసింది తన నోటితో చెప్పాడు, రావలసిన శిక్ష అనుభవించాడు, నష్టపోయిన మనిషి ముందుకు వచ్చి తల వంచాడు. ఆ తర్వాతే ఏట్లో మునిగాడు. నీళ్లు చివర వచ్చాయి.

ఊరంతా ప్రాయశ్చిత్తమే

కాణిపాకం వెళ్లినవాళ్లు చాలామంది వినాయకుణ్ణి చూసి వెనక్కి వచ్చేస్తారు. దగ్గర్లోనే ఉన్న రెండు పాత గుళ్లు కూడా చూడండి. ఒకటి మరకతాంబికా సమేత మణికంఠేశ్వరాలయం. కులోత్తుంగ చోళుడు తనకు అంటిన బ్రహ్మహత్యా దోషం పోవడానికి శివుడి ఆజ్ఞతో 108 శివాలయాలు కట్టించాడని, అందులో ఇదొకటని స్థలపురాణం. రెండోది వరదరాజస్వామి గుడి. తండ్రి పరీక్షిత్తు పాముకాటుతో పోయాడన్న కసితో పాముల జాతినే హోమంలో వేసిన జనమేజయుడు, ఆ సర్పయాగ దోషం పోవడానికి కట్టించాడంటారు.

చరిత్రకారులు వీటిని ఎంతవరకు ఒప్పుకుంటారన్నది పక్కన పెట్టండి. జనం ఈ గుళ్లకు ఎలాంటి కథలు కట్టుకున్నారో చూడండి. రాజైనా సరే, తప్పు చేస్తే ‘అయ్యో’ అనుకుని ఊరుకుంటే చాలదు. ఒకటి కాదు, నూట ఎనిమిది గుళ్లు కట్టాలి. మన భాషలో రెండు మాటలున్నాయి. పశ్చాత్తాపం, అంటే తర్వాత పుట్టే తాపం, మనసులో మంట. ప్రాయశ్చిత్తం, అంటే ఆ మంట చల్లారడానికి చేసే పని. మొదటిది కన్నీళ్లతో వస్తుంది. రెండోదానికి కాయకష్టం కావాలి, ఖర్చు కావాలి, ముఖ్యంగా సిగ్గు విడవడం కావాలి.

కోనేటి మెట్ల మీద

ప్రమాణం పద్ధతి తెలిసిందే. కోనేట్లో మునిగి, తడి బట్టలతో స్వామి ఎదుట నిలబడి చెప్పాలి. అబద్ధం చెప్పినవాళ్లను స్వామి వదలడన్నది గట్టి నమ్మకం. కొందరు గుడి దాకా రాకుండానే, కోనేటి మెట్ల మీదే ‘‘నేనే తీశాను’’ అని ఒప్పేసుకుంటారని ఇక్కడివాళ్లు చెబుతారు. అప్పు ఎగ్గొట్టినవాళ్లు, పొలం గట్టు జరిపినవాళ్లు, పాలు పంచుకునే దగ్గర పేచీ పెట్టుకున్న అన్నదమ్ములు వస్తారు. వీళ్లందరితో పాటు తాగుడు మానేస్తానని ప్రమాణం చేయడానికి వచ్చే మగవాళ్లు, వాళ్ల వెనక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడే ఆడవాళ్లు.

ఈ తాగుడు సంగతి మన ఆడవాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. పక్కనే నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లే సారా మీద తిరగబడ్డారు. సారా దుకాణాలు మూయించారు. ఆ కదలిక రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో నిషేధం సడలించారు. మాట ఇవ్వడం, మాట తప్పడం మగవాడి ఒక్కడి విషయం కాదు, ప్రభుత్వాలదీ అంతే అనిపిస్తుంది!

స్వామి ముందు చేసిన ప్రమాణం మంచిదే. చాలామందికి అది నిజంగా ఊతం అవుతుంది. కానీ ఇంటికి వచ్చాక చేయవలసినవి కొన్ని ఉన్నాయి. ఏళ్ల తరబడి బాగా తాగినవాళ్లు ఒక్కసారిగా మానేస్తే చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, ఒక్కోసారి ఫిట్స్ రావడం జరుగుతుంది. అది స్వామి కోపం కాదు, శరీరం అలవాటు. ఒక్కోసారి ప్రాణం మీదికీ రావచ్చు. అందుకని ప్రమాణం చేసిన రోజే, వీలైతే ముందే, డాక్టరుకు చూపించండి. తాగుడు మానిపించే సలహాకు 14446 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

ఇంకో మాట. ఇంట్లో కొట్టడం, హింసించడం ఉంటే అది కోనేటి స్నానంతో తేలే విషయం కాదు. శంఖుడు తమ్ముణ్ణి రాజు దగ్గరికే పంపాడని మర్చిపోవద్దు. గృహహింస నుంచి రక్షణకు 2005లో చేసిన చట్టం ఉంది, 181 మహిళా సహాయ నంబరు ఉంది. ‘ప్రమాణం చేశాడు కదా, కేసెందుకు’ అనేవాళ్లకు లిఖితుడి కథ చెప్పండి.

వడ్డికాసులవాడి లెక్క

ఇక్కడి నుంచి తిరుమల కొండ వైపు చూసినా ఇదే లెక్క కనిపిస్తుంది. ‘వేం’ అంటే పాపాలు, ‘కట’ అంటే కాల్చేది, అందుకే వేంకటాచలం అని పెద్దలు అర్థం చెబుతారు. కల్యాణకట్టలో తలనీలాలు ఇస్తే, వెంట్రుకలను అంటుకున్న పాపాలు పోతాయంటారు. మొక్కు ఉన్న ఆడవాళ్లు మూడు కత్తెరలతో సరిపెట్టకుండా గుండు చేయించుకుని, పసుపూ చందనమూ రాసుకుని నవ్వుతూ బయటికి వస్తుంటే చూడాలి. ఆ ముఖాల్లో బరువు దిగిన తేలిక ఉంటుంది.

అంత దయగల స్వామికి మనం పెట్టుకున్న ముద్దుపేరేమిటి? వడ్డికాసులవాడు! మొక్కు ఆలస్యం చేస్తే వడ్డీతో సహా వసూలు చేస్తాడట. ఇంతకూ ఆయనే ఓ అప్పులవాడు. పద్మావతితో పెళ్లికి కుబేరుడి దగ్గర అప్పు చేసి, కలియుగం అయ్యేదాకా వడ్డీ కడుతూనే ఉన్నాడని కథ. పాపాలు కాల్చేసే దేవుడు కూడా తన అప్పును కాల్చెయ్యలేదు, కడుతున్నాడు! ‘ఆపదమొక్కులవాడు’, ‘వడ్డికాసులవాడు’ ఒక్కరే. దయ ఒక చేత్తో, లెక్క ఒక చేత్తో.

బస్సులో ఆ అమ్మాయి అడిగిన గొలుసు మాటకు నాకు తోచిన జవాబు ఇదే. దేవుడు క్షమిస్తాడు. అది ఆయనకూ ఆ మనిషికీ మధ్య సంగతి. కుదువ దుకాణంలో ఉన్న గొలుసు మాత్రం ఆయన క్షమించినందువల్ల మెడలోకి రాదు. ఆ మనిషి కూలికి పోయి, నెలనెలా ఇంత కట్టి విడిపించాలి. అదీ ప్రాయశ్చిత్తంలో భాగమే. ఆ పని జరిగేదాకా ‘నువ్వూ మర్చిపో’ అని ఆవిణ్ణి తొందరపెట్టే హక్కు అత్తగారికీ లేదు, అమ్మకూ లేదు. ఆవిడ తన వేళకు తను క్షమిస్తుంది. క్షమించకపోతే అదీ ఆవిడ ఇష్టమే. లిఖితుడు చేతులు పోగొట్టుకుని కూడా అన్నను ‘క్షమించి తీరాలి’ అనలేదు, క్షమించమని అడిగాడు.

అలాగని తప్పు చేసినవాణ్ణి జీవితాంతం దొంగా అని పిలవడమూ ఆ ఊరి పద్ధతి కాదు. నరికిన చేతులు మొండిగానే ఉండిపోయి ఉంటే అది శిక్ష కథ అయ్యేది. తిరిగి వచ్చాయి గనుకనే ఏటికి ఆ పేరు వచ్చింది. లెక్క తీర్చినవాడికి చేతులు తిరిగివ్వాలి, మళ్లీ పని చేసుకోనివ్వాలి, తర్పణం వదలనివ్వాలి. అప్పు తీరిపోయాక కూడా నోటు చూపించి బెదిరించేవాళ్లను మనం మంచివాళ్లంటామా?

వెళ్లేవాళ్లకు

తిరుపతి, చిత్తూరు రెండు చోట్ల నుంచీ కాణిపాకానికి ఆర్టీసీ బస్సులు ఉన్నాయి. రైల్లో వచ్చేవాళ్లు చిత్తూరులో దిగితే దగ్గర. వినాయక చవితి నుంచి 21 రోజులు బ్రహ్మోత్సవాలు జరుగుతాయి. ఆ రోజుల్లోనూ, సంకటహర చతుర్థి నాడూ జనం ఎక్కువ. పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు మామూలు రోజున పొద్దున్నే వెళితే తీరిగ్గా చూడవచ్చు. కోనేట్లో స్నానం చేయాలనుకుంటే ఇంకో జత బట్టలు, తడివి పెట్టుకోవడానికి ప్లాస్టిక్ సంచీ మర్చిపోకండి.

మధ్యాహ్నానికి చిత్తూరు చేరితే రాగిసంగటి, వేయించిన చెనిక్కాయలూ ఎండుమిరపకాయలూ చింతపండూ వేసి నూరిన ఊరిబిండి తినండి. సంగటి ముద్ద మధ్యలో గుంట చేసి నెయ్యి వేసుకుంటే ఆ రుచే వేరు. మామిడికాయల రోజులైతే దారిలో తోట దగ్గర ఆగండి. కాయ చేతికి అందేంత కిందకే వేలాడుతూ ఉంటుంది. తోటకాపరిని పిలిచి, డబ్బిచ్చి కొనుక్కోండి.